మహారాజు మావకి జబ్బు చేసిన రోజు

ఆ రోజుల్లో, అంటే తిత్లీ తుపాను ఇంకా రాకముందు, ఉద్దానంలో కొబ్బరిచెట్లన్నీ నిలబడే ఉన్న రోజుల్లో, మా ఊళ్ళో కెమెరా అంటే ఎవరికీ వింత కాదు. అలాగని మా దగ్గరేదో షూటింగులు జరిగేవనుకోకండి. వజ్రపుకొత్తూరు మండలంలో ఏ వీధికి వెళ్ళినా కిడ్నీ జబ్బు మనుషులుంటారని లోకమంతటికీ తెలిసిపోవడంతో టీవీ వాళ్ళు, పెద్దాసుపత్రి డాక్టర్లు, నీళ్ళు పరీక్ష చేసేవాళ్ళు కార్లేసుకుని వచ్చేవారు. సీసాల్లో మా బోరు నీళ్ళు, గొట్టాల్లో మా రక్తం, కెమెరాల్లో మా ఏడుపులు పట్టుకుని పలాస మీదుగా వెళ్ళిపోయేవారు. ఎవరింటి ముందు కారు ఆగితే ఆ ఇంటికి జబ్బిల్లని పేరు పడిపోయేది. అందుకే కారు హారన్ వినబడగానే మా వీధి ఆరోగ్యం అమాంతం పెరిగిపోయేది. మంచం మీదున్నవాళ్ళు కూడా లేచి ఆవుకు గడ్డి వేసేవారు. అలాంటి ఊళ్ళో, తొమ్మిదో తరగతి చదువుతున్న నేను కిడ్నీ జబ్బు మీద సినిమా తీసి పారేద్దామని బయల్దేరాను. అప్పుడు నాకున్న ధీమా తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

దీనికంతటికీ మూలం మా సైన్సు టీచరుగారు. ఆవిడ టెక్కలి నుంచి బస్సులో వచ్చేవారు. ఒకరోజు ప్రేయర్ అయిపోగానే, హైస్కూలు పిల్లలు ఏదైనా ఆరోగ్య సమస్య మీద సైన్సు వివరిస్తూ చిన్న సినిమా తీస్తే టెక్కలిలో అందరి ముందూ వేసి చూపిస్తారనీ, సెల్‌ఫోనుతో తీసినా పర్వాలేదనీ చెప్పారు. మిగతా క్లాసుల వాళ్ళు దోమల మీద పడ్డారు. (దోమలకైతే వేషం వెయ్యడానికి ఎవరినీ బతిమాలక్కర్లేదు కదా!) మేం ముగ్గురం మాత్రం కిడ్నీ పట్టుకున్నాం. తన అన్నయ్య ఫోను బడికి పట్టుకురాగలిగిన మొనగాడు ఒక్కడే, వాళ్ళింట్లో అందరూ జీడిపిక్కల పని చేస్తారు కాబట్టి వాడి పేరు జీడిపప్పు. వాడు కెమెరామన్. చేతిరాత ఎవరికీ అర్థం కాని నా స్నేహితురాలిది డాక్టరు వేషం. ఏ పనీ చేతకాని నేను డైరెక్టర్ని. టీచరుగారు మాకు జీడిపప్పు జల్లించే జల్లెడ చూపించి, మూత్రపిండం ఇలాంటిదేననీ, దీని చిల్లులు పూడుకుపోతే చెత్త రక్తంలోనే ఉండిపోతుందనీ, ఆ చెత్తలో ఒకటైన క్రియాటినిన్ ఎంతుందో చూస్తే జల్లెడ సంగతి తెలుస్తుందనీ చెప్పారు. "మొదట్లో మనిషికి ఏ బాధా తెలీదమ్మా. అందుకే పరీక్ష" అన్నారు. ఆ మాట నా గుండెలో అలాగే దిగబడిపోయింది.

ఎందుకంటే మా నాన్న. నాన్న కొబ్బరిచెట్లెక్కి కాయలు దించే పని చేసేవాడు. పొద్దుటి నుంచి ఎక్కీ దిగీ ఒళ్ళు పులిసిపోతే కొట్లో నొప్పి బిళ్ళ కొనుక్కుని వేసుకునేవాడు. ఆ బిళ్ళ లేకుండా పనికి వెళ్ళిన రోజు నాకు గుర్తు లేదు. సాయంత్రానికి పాదాల మీద వేలితో నొక్కితే గుంట పడేది. మా పెదనాన్న అలాగే మొదలై, విశాఖకు డయాలసిస్ కోసం తిరిగి తిరిగి మాకు లేకుండా పోయాడు. పరీక్ష చేయించుకోమని అమ్మ చెప్పింది, నేను చెప్పాను, ఇంటికి వచ్చిన నర్సమ్మ చెప్పింది. నాన్న ఒకటే మాట. "తెలీనంత వరకు నాను మడిసిని అమ్మీ. తెలిసిందంటే రోగిని. నాకెందుకొచ్చిన గొడవ?" ఇంక వాదించడానికి ఏముంది? అందుకని నేనొక కుట్ర పన్నాను. సినిమాలో రోగి వేషం నాన్నకే ఇచ్చి, షాటు కోసమని సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్ళి, నటనలో భాగంగా నిజం రక్తం తీయించేద్దామని. కథంతా చెప్పాక నాన్న నింపాదిగా అడిగాడు. "మరి సినిమాలో సూది నిజం సూదేనేటి?" నేను కెమెరా సంగతి ఎత్తుకున్నాను. "డైరెక్టరు గారూ, ఎల్లి సదువుకోండి" అన్నాడు.

పోనీ ఇంకెవరైనా దొరక్కపోతారా అని వీధంతా తిరిగాను. రోగి వేషం వేస్తే నిజంగానే జబ్బున్నట్టు పేరు పడిపోతుందని ఒక్కరూ ఒప్పుకోలేదు. ఒకాయన డాక్టరు వేషమైతే సిద్ధం అన్నాడు. ఒకావిడ రోగి పక్కన ఏడ్చే పాత్రకు ఒప్పుకుంది గాని రోగి లేకుండా ఆవిడనేం చేసుకోను? చివరికి మా మేనమామ దగ్గరికి వెళ్ళాను. ఈయన అమ్మ తమ్ముడు, కొబ్బరి లారీలకు లోడింగు చేసేవాడు. ఏటేటా మా చర్చిలో క్రిస్మసు నాటకంలో దుష్టరాజు వేషం ఆయనదే. మహారాజు మావ అని చిన్నా పెద్దా అందరూ పిలిచేవారు. మీసం మెలేసి "ఎవరక్కడ!" అంటే ముందు వరసలో పిల్లలు అమ్మల కొంగుల్లో దూరిపోయేవారు.

"మావా, నాకో వేషగాడు కావాలి" అన్నాను.

"మహారాజు కావాలా కోడలా?"

"మహారాజు కాదు మావా, కిడ్నీ రోగి."

మావ మీసం మెలేశాడు. "రోగమొచ్చిన మహారాజనుకుందాంలే. ఎప్పుడు?"

రిహార్సలు రోజున మంచం మీద పడుకోబెట్టి, కాళ్ళు నొప్పిగా ఉన్నాయని చెప్పు మావా అన్నాను. మావ గుండెల మీద చెయ్యి వేసుకుని పైకప్పు ఎగిరిపోయేలా "ఆహా! ఏమి ఈ బాధ! నా మూత్రపిండములను పీడించుచున్న ద్రోహి ఎవడు? ఎవరక్కడ!" అని అరిచాడు. డాక్టరమ్మ చేతిలోంచి బొమ్మ స్టెతస్కోపు జారి పడిపోయింది.

"రోగి అలగ అరవడు మావా. నీరసంగా మాటాడాల."

"నీరసంగా మాటాడితే ఎనకాల కూకున్నోలకి ఎలగినిపిత్తాది?"

"ఎనకాల ఎవలూ కూకోరు, ఇది ఫోను."

"సరే. ఆఖర్న ఎలగ సచ్చిపోతాను?"

"సచ్చిపోవు మావా! టెస్టు సేయించుకుని, మందులేసుకుని బాగుంటావు."

మావ ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "సావకపోతే జనం ఎందుకేడుత్తారే? ఏడవకపోతే అదేం సినిమా?" అన్నాడు. బతికినా మంచి పేరొస్తుందని ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఒప్పుకున్నాక ఒక షరతు పెట్టాడు, ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదట. క్రిస్మసు నాటకంలో కూడా వేషం ముందుగా చూపించరు కదా!

షూటింగు రోజున మావ ముఖానికి పౌడరూ పసుపూ కలిపి పూశాం. వాపు కోసం కాళ్ళకు పాత లుంగీ ముక్కలు చుట్టి దుప్పటి కప్పాం. అంతా బాగానే ఉంది గాని ఇంట్లో వెలుతురు లేదు. "సీకట్లో ఏటీ కనిపించట్లేదు, మంచం బయటెయ్యండి" అన్నాడు జీడిపప్పు. వేశాం. వీధి అరుగు మీద, పట్టపగలు, పసుపు ముఖంతో మహారాజు మావని పడుకోబెట్టాం. డైరెక్టరుగా నా జీవితంలో అంత మంచి నిర్ణయం మళ్ళీ తీసుకోలేదు, అది తెలిసి తీసుకున్నది కాకపోయినా.

బారువ నుంచి ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని వచ్చే చేపలావిడ మా ఇళ్ళ ముందు నుంచే వెళ్ళాలి. మావని చూసి గంప దించేసింది. "ఓలమ్మో, రాజుబాబుకి కూడా వొచ్చీసిందా!" అని ముక్కు మీద వేలేసుకుంది. ఆ రోజు ఆవిడ చేపలు అమ్మిందో లేదో తెలియదు గాని వార్త మాత్రం చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పంచిపెట్టేసింది. మరి కాసేపటికి జనం రావడం మొదలైంది. మా వైపు జబ్బు మనిషిని చూడ్డానికి ఎవరూ ఉత్త చేతులతో రారు, కొబ్బరి బొండాలు పట్టుకుని వస్తారు. కిడ్నీ పాడైనవాళ్ళకు డాక్టరు మొదట మానిపించేదే ఆ బొండం నీళ్ళని తెలిసినా సరే, బొండాలే తెస్తారు. చూస్తుండగానే మంచం పక్కన గుట్ట అయిపోయింది. మావకేమో ఎదురుగా ప్రేక్షకులు! మనిషి పాత్రలో మునిగిపోయి మూలుగుతూనే మధ్యమధ్యలో బొండాలు తాగేస్తున్నాడు. జీడిపప్పు నా వైపు చూసి "ఆపీమంటావా?" అని సైగ చేశాడు. వద్దని తల ఊపాను. రోగి దొరక్క మా సినిమా మూలపడిందనే వీధంతా అనుకుంటోంది, అందుకని ఫోను చూసి కూడా ఎవరూ అనుమానపడలేదు. జబ్బు మనిషి వీడియో తీసి విశాఖలో ఉన్న బంధువులకు పంపించడం అప్పటికే మా ఊళ్ళో మామూలైపోయింది.

ఒక ముసలమ్మ మావ తల నిమిరి "తమ్ముడా, టెస్టుకి మాత్రం ఎల్లకు నాయినా. సూది గుచ్చినోలంతా మంచానికి అతుక్కుపోనారు" అంది. ఇంకొకాయన ఎక్కడో పసరు ఇస్తారన్నాడు. పక్కవీధి తాత మంచం మీద కూర్చుని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి "సాయంత్రమయ్యే సరికి నాకూ కాల్లు పొంగిపోతన్నాయిరా. ఇంట్లో సెప్పలేదు. నీకని సెప్తన్నాను, ఎవలకీ అనకు" అన్నాడు. ఆ మాట ఆయన జీడిపప్పు ఫోనులోకే సూటిగా చెప్పాడు. డాక్టర్లు కార్లలో వచ్చి అడిగినా మా ఊరు చెప్పని మాటలవి. మావ మూలగడం మానేశాడు. మాకు నవ్వూ ఆగిపోయింది.

అప్పుడే తోటలోంచి నాన్న పరిగెత్తుకొచ్చాడు. చెట్టెక్కే తాడు ఇంకా నడుముకే ఉంది. బావమరిది కాళ్ళ దగ్గర కూలబడి ఒక్కసారిగా ఏడ్చేశాడు. నాన్న ఏడవడం నేను చూడ్డం అదే మొదలు. "ఒక్క మాట సెప్పలేదేట్రా నాకు? కాల్లు పొంగినప్పుడే ఎల్లి సూపించుకోవలిసింది కదరా! ఒక్క సుక్క రక్తం ఇత్తే ఏటయిపోతాదిరా? ముందుగా తెలిసేది కదా! మా అన్నని సూసి కూడా నీకు బుద్ధి రాలేదేట్రా?" అంటున్నాడు. మావ ఒక కన్ను తెరిచి నా వైపు చూశాడు. ఆ కన్నులో నీళ్ళున్నాయి. ఇక నిజం చెప్పేద్దామని నోరు తెరిచేలోపు మా చర్చి అయ్యగారు ప్రార్థన గుంపుతో సహా వచ్చేశారు.

అయ్యగారు మావ నుదుటి మీద చెయ్యి వేసి ప్రార్థన ఎత్తుకున్నారు. ఆయన ప్రార్థన మొదలుపెడితే ఓ పట్టాన ముగియదు. మావకి చెమటలు పట్టాయి. పసుపు చారలు కట్టింది. జనాన్ని ఎంతసేపైనా మోసం చెయ్యగలడు గాని దేవుడి ఎదట వేషం వెయ్యడం మహారాజు వల్ల కాలేదు. దిగ్గున లేచి కూర్చుని "ఆపీయండి అయ్యగారండీ! నాకు జబ్బు లేదు, ఏటీ లేదు. ఇది ఏషం! ఈ బడి గుంటలు సినిమా తీత్తన్నారు!" అని అరిచాడు. ఇందాకటి ముసలమ్మ కొంగుతో కళ్ళొత్తుకుని "పాపం, మతి కూడా పోతన్నాది" అంది.

మా ఊళ్ళో ఎవరైనా "నాకేం లేదు" అన్నారంటే ఉన్నట్టే లెక్క. జబ్బున్నవాళ్ళందరూ అనే మాటే అది. లేనివాళ్ళకు అలా చెప్పుకోవాల్సిన పనేముంది? మావ లుంగీ ముక్కలు విప్పి చూపించాడు, పౌడరు తుడుచుకున్నాడు, గంతులేశాడు. ఎంత గంతులేస్తే అంత జాలిగా చూశారు. సినిమా పేరు చెప్పి దాస్తున్నాడని తేల్చేశారు. పలాసలో జీడి ఫేక్టరీ నుంచి ఆటోలో ఏడుస్తూ దిగిన మావ భార్య, మా అత్త, మొదట నమ్మింది. నమ్మి చీపురు అందుకుంది. నాన్న కూడా నమ్మాడు. విప్పిన లుంగీ ముక్కలకేసి, ఆ తర్వాత నాకేసి చూసి, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. నాన్న పరీక్షకు వెళ్ళాలని మొదలుపెట్టిన సినిమా చివరికి నాన్నకు నాతో మాటలే లేకుండా చేసిందని ఆ సాయంత్రం వెక్కి వెక్కి ఏడ్చాను.

తర్వాత మావ కష్టాలు చెప్పనలవి కాదు. ఊరంతా ఆయన మీద దయ చూపించడం మొదలుపెట్టింది. లోడింగుకి వెళ్తే తోటివాళ్ళు బస్తా ముట్టుకోనివ్వకుండా నీడన కూర్చోబెట్టారు. ఎదురొచ్చినవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడారు. అంతవరకూ ఓర్చుకున్నాడు గాని, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి పెద్దలు పిలిచి "ఈ క్రిస్మసుకి నువ్వు ఇశ్రాంతి తీసుకో బాబూ, రాజు ఏషం ఇంకొకలకి ఇత్తాం" అనేసరికి మహారాజుకి మతి పోయింది. కిరీటం ఊడిపోయేలా ఉంటే ఏ రాజు ఊరుకుంటాడు?

మర్నాడు పొద్దున్నే మావ మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, మెలేసిన మీసం. వెనకాల జీడిపప్పు ఫోనుతో, వాడి వెనకాల సగం వీధి. "బావా, నడు. ఆసుపత్రికెల్లి రక్తమిచ్చొద్దాం. అందరెదరా ఇత్తాను, అందరెదరా కాయితం సూపిత్తాను" అన్నాడు.

"నీకు కావాల గాని, నాకేటి? నాకేం లేదు" అన్నాడు నాన్న.

"నానూ అదే అంటన్నాను. ఎవడు నమ్ముతన్నాడు?"

వీధంతా గొల్లుమంది. నాన్న మాత్రం నవ్వలేదు, కదల్లేదు. అప్పుడు మావ జీడిపప్పు చేతిలో ఫోను అందుకుని, నొక్కి, నాన్న ముందు పెట్టాడు. ఫోనులోంచి నాన్న గొంతే పలికింది. ఒక్క సుక్క రక్తం ఇత్తే ఏటయిపోతాదిరా... నాన్న నిలబడి చివరంటా విన్నాడు. "సెప్పు బావా, ఈ ఫోనులో మడిసికి నువ్వేటి సెప్తావు?" అన్నాడు మావ, తొలిసారి నాటకం లేని గొంతుతో. నాన్న దండెం మీది తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. నా వైపు చూడకుండానే "రాయే, డైరెక్టరు" అన్నాడు. ఏ సినిమాలోనూ అంత మంచి డైలాగు నేను వినలేదు!

ఆసుపత్రికి వెళ్ళిన ఊరేగింపు చూసి తీరాలి. మహారాజు మావ నిజంగా రక్తమిస్తాడో లేదో చూడాలని వచ్చినవాళ్ళే ఎక్కువ. మావ జబ్బ చాపాడు, సూది చూసి కళ్ళు గట్టిగా మూసుకుని "ఎవరక్కడ!" అన్నాడు. నర్సమ్మకు నవ్వాగలేదు. తర్వాత నాన్న కూర్చున్నాడు. ఆ తర్వాత పక్కవీధి తాత, ఎవరూ పిలవకుండానే, కర్ర గోడకానించి వరసలో నిలబడ్డాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే ఆయన వెనక చేరారు. పరీక్షకి వెళ్ళకు నాయినా అన్న ముసలమ్మ కూడా "వొచ్చినాం కదేటి మరి" అనుకుంటూ వెనకాలే నిలబడింది. జీడిపప్పు ఆ వరస పొడవునా నడుస్తూ తీశాడు.

మావ కాయితం కడిగిన ముత్యంలా వచ్చింది. దాన్ని అట్టకు అంటించుకుని వారం రోజులు తిరిగాడు. రాజు వేషం రాజుకే దక్కింది. నాన్న కాయితం డాక్టరుగారు రెండుసార్లు చదివారు. "కొంచెం ఎక్కువుంది. కాని మొదట్లోనే దొరికావయ్యా, అదృష్టవంతుడివి. నొప్పి బిళ్ళలు ఈ రోజుతో మానెయ్యి. బీపీ బిళ్ళ రోజూ వేసుకో, ఉప్పు తగ్గించు, చెప్పినప్పుడల్లా వచ్చి చూపించుకో" అన్నారు. పక్కవీధి తాతకీ, మరికొందరికీ కూడా అలాగే ముందుగా దొరికింది. ఇంటికి నడుస్తూ నాన్న కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత "ఆ సినిమాలో నాను ఏడ్సిన ముక్క ఉంచుతావా?" అని అడిగాడు. నువ్వు వద్దంటే తీసేస్తానన్నాను. "ఉంచు. మీ మావ కంటే నానే బాగా సేసినాను" అన్నాడు.

మిగతావాళ్ళను కూడా అడిగి, సరేనంటేనే ఉంచాలని టీచరుగారు పట్టుబట్టారు. అందరూ సరేనన్నారు. ముసలమ్మ మాత్రం మంచి కోక కట్టుకుని మళ్ళీ చెప్తానంది. టెక్కలిలో సినిమా వేసిన రోజున మా ఊరి నుంచి రెండు ఆటోలు కదిలాయి. మిగతా బడుల సినిమాల్లో పాటలున్నాయి, రంగురంగుల అక్షరాలున్నాయి. మా దాంట్లో గాలి హోరు, మేకల అరుపులు, డాక్టరమ్మ చేతిలో జీడిపప్పు జల్లెడ. మావ మూలుగుడికి హాలంతా పడీ పడీ నవ్వింది. తాత మాటకు నవ్వు ఆగింది. నాన్న ఏడుస్తుంటే పక్క బడుల పిల్లలు కూడా కళ్ళు తుడుచుకున్నారు. చివర్లో మాటల్లేకుండా ఆ వరస, ఒక్కొక్క ముఖమే దాటుకుంటూ పోతుంటే చప్పట్లు మొదలయ్యాయి. ఎప్పటికీ ఆగలేదు. మొదటి బహుమతి మాదే! షీల్డు తీసుకోవడానికి నన్ను పిలిస్తే నాకంటే ముందు మావ స్టేజీ ఎక్కేశాడు. మా ఊరి మీద ఎందరో సినిమాలు తీసుకున్నారు గాని మా ఊరు తన సినిమా తను తీసుకోవడం అదే మొదలు. ఆ రోజు నాకు భూమి మీద కాళ్ళు నిలవలేదు.

ఇప్పుడు నేను పలాసలో ఒక ఆసుపత్రి ల్యాబులో పని చేస్తున్నాను. మొన్న సెలవుకి ఇంటికెళ్తే నాన్న ఆ సినిమా పెట్టమన్నాడు. తను ఏడ్చే చోటు రాగానే ఆపమన్నాడు. "ఇక్కడ, ఇక్కడ ఇను" అన్నాడు. ఇన్నేళ్ళూ నేను సరిగా పట్టించుకోలేదు. నాన్న ఏడుపు వెనక నుంచి, ఫోను పక్కనే నిలబడిన ఒక సన్నటి గొంతు గద్దిస్తోంది. "నాన్నా, కెమెరా ఏపు సూడకు!" అని. "తండ్రి ఏడుత్తుంటే కెమెరా ఏపు సూడొద్దంటాదా! ఏం గుంటవే నువ్వు!" అని నాన్న కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాడు. నేనూ నవ్వాను గాని నవ్వుతూనే ఆ గొంతు మళ్ళీ విన్నాను. ఆ గద్దింపు అడుగున వణుకుంది. వాళ్ళ నాన్న ఎన్నాళ్ళుంటాడో ఆ గుంటకి తెలియదు, అయినా షాటు చెడిపోకూడదని పళ్ళు బిగించుకుని నిలబడింది పిచ్చిది. ఒక్కసారి వెనక్కి వెళ్ళి దాని భుజం తట్టి, మీ నాన్న ఇదిగో నా పక్కనే కూర్చుని ఉప్పు చాలలేదని కూరకు వంకలు పెడుతున్నాడే అని చెప్పాలనిపించింది.